కొన్నమ్మ

జూలై 8, మంగళవారం

పొద్దున్నే పెద్ద పార్టీ తగిలింది. ఏలూరు నుంచి ఫోను. ఆడగొంతు, చదువుకున్న గొంతు. అబ్బాయిరాజు గారేనా అంది. నేనే అన్నాను. మీ ఇంట్లో పిల్లని అమ్మారని, మళ్ళీ తెచ్చుకున్నారని మాకు తెలిసిందండీ, నిజమేనా అంది.

నిజం కాక. ఈ కొల్లేరు చుట్టూ చేపపిల్ల కావాలంటే ఎవరైనా నా నర్సరీ చెరువే చూపిస్తారు. బొచ్చె పిల్ల గాని శీలావతి పిల్ల గాని నా దగ్గర తీసుకెళ్ళినవాడు మళ్ళీ ఇంకోడి గట్టు ఎక్కడు. ఏలూరు దాకా పేరు పాకిందన్నమాట.

ఎవరికమ్మారు అంది. అడిగినవాళ్ళకల్లా అన్నాను. తల్లి ఒప్పుకుందా అంది. కొత్తగా చెరువు తవ్వినవాళ్ళు ఇలాంటి తిక్క ప్రశ్నలే వేస్తారు. తల్లి సంగతి మనకెందుకమ్మా, పిల్ల హుషారుగా ఉందా లేదా చూసుకోవాలి గాని అన్నాను. ఎంతకిచ్చారు అంది. సైజుని బట్టి అన్నాను. అంతలో లైను తెగింది. మా ఇంట్లో సిగ్నలు అంతంతే. మళ్ళీ చేస్తుందిలే.

మా అబ్బాయి శ్రీహర్ష తవుడు లోడుకి తాడేపల్లిగూడెం వెళ్ళాడు. మిల్లు దగ్గర లారీలు వరస కట్టి ఉన్నాయట, ఆదివారం దాకా రాలేనన్నాడు. మా ఇంట్లో తవుడు రెండు రకాలు. చెరువులో చేపలు తినేది ఒకటి, నా బుర్ర తినేది ఇంకోటి. ఆ రెండోదానికి బడిలో రమ్యశ్రీ అని పేరు రాయించాం. ఒకటో తరగతి.

ఇవాళ చేతిరాత బాగా కుదిరింది. పార్టీ హుషారు.

జూలై 9

పార్టీ మళ్ళీ చెయ్యలేదు. నేనే చేద్దామని గొడుగేసుకుని గట్టెక్కాను. అక్కడా సిగ్నలు లేదు.

జూలై 10, గురువారం

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. చేతిరాత వంకర్లు పోతోంది. కోపంతోనే.

పదకొండింటప్పుడు ఊళ్ళోకి జీపొచ్చింది. మా ఊళ్ళో జీపు వస్తే ఒకటే అర్థం, చెరువుల మీదకొచ్చారని. కుర్రాళ్ళు గట్ల మీద పరిగెత్తారు, మోటార్లు ఆపేశారు. నేను ఆపలేదు. నా చెరువు సక్రమం. చొక్కా వేసుకుని పట్టా కాగితాల సంచీ చంకలో పెట్టుకుని ఎదురెళ్ళాను. ఇద్దరాడవాళ్ళు, ఒక మగాయన దిగారు. వాళ్ళు నోరు తెరిచేలోపే చెప్పేశాను. నాది కొల్లేరు అభయారణ్యం హద్దుకి, అయిదో కాంటూరుకి బయట, మా నాన్నగారి నాటి పట్టా, కొలుచుకోండి, గొలుసు లేకపోతే నేనే ఇస్తాను అన్నాను. ఊరంతా వింటోంది. భలేగా చెప్పాను.

చిన్నామె, ఫోను చేసినామె అట, పేరు పద్మప్రియ. మేం చెరువు కోసం రాలేదండీ, రమ్యశ్రీ కోసం వచ్చాం, పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి అంది. మీరే ఫోన్లో అమ్మామన్నారు కదా అంది.

నాకు నవ్వొచ్చింది. ఊరందరికీ వినపడేలా నవ్వాను. అది చేపపిల్ల తల్లీ అన్నాను. గట్టు మీద కుర్రాళ్ళు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు.

"సరేనండీ. మరి చేటలో పడుకోబెట్టి తవుడుకి అమ్మింది కూడా చేపపిల్లనేనా?"

నవ్వు ఆగిపోయింది.

బడిలో కొత్త టీచరు పిల్లలందర్నీ మీ ఇంటి గురించి చెప్పండి అందట. మా తవుడు లేచి, నాకు ఇద్దరమ్మలండీ, ఒకమ్మ కన్నమ్మ, ఒకమ్మ కొన్నమ్మ, కొన్నమ్మ నన్ను తవుడిచ్చి కొనుక్కుంది అందట. ఇది విని ఆఫీసుకి ఎవరు ఫోను చేశారో చెప్పరట. చెప్పకూడదట. నేను ఆ టీచరే అనుకుంటున్నాను. ఆ కొన్నమ్మ అనే మాట పక్కింటి రాజ్యం నేర్పి ఉంటుంది. నేను నేర్పలేదు.

ఆ పిల్ల ఎవరి పిల్లండీ అని పెద్దామె సూటిగా అడిగింది. నేనూ సూటిగానే చెప్పాను.

"రాజ్యం పిల్ల."

మా కోడలు సింధూర వాకిట్లోంచి "మావయ్య గారండీ" అంది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అంది.

ఆ మాట నోట్లోంచి అలాగే వస్తుంది, ఏం చెయ్యను. తవుడు పుట్టిన దగ్గర్నించి ఈ ఇంట్లో ఎవరూ పైకి మా పిల్ల అనలేదు. మా ఆవిడ పెట్టిన కట్టు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆవిడ పెట్టి పోయింది కాబట్టి, అంతే.

నా గుమ్మం ఎక్కొద్దన్నాను. సింధూర వచ్చి వాళ్ళ కార్డులు చూపించమంది, చూసింది, లోపలికి రండన్నది, మంచినీళ్ళిచ్చింది. వాళ్ళు వంటిల్లు చూశారు, తవుడు పడుకునే మంచం చూశారు, గోడ మీద అది గీసిన బొమ్మలు చూశారు. నేను వెనకాలే తిరిగి ప్రతి గదిలోనూ నాకు తోచింది చెప్పాను. పద్మప్రియ అన్నీ రాసుకుంది. సోమవారం పిల్లని, కాగితాలని తీసుకుని ఏలూరులో కమిటీ ముందుకి రమ్మన్నారు. ఈలోగా ఒకసారి పిల్లతో విడిగా మాట్లాడాలట, శనివారం వస్తారట. విచారణ తేలేదాకా అవసరమైతే పిల్లని హోములో ఉంచొచ్చని కూడా చెప్పారు. అవసరమైతే అన్నారు. నాకు ఉంచుతారనే వినపడింది.

జీపు వెళ్ళాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. ఇలా చెప్పాల్సింది. అమ్మా, మా కోడలికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది పుట్టగానే మా ఆవిడ వెంకటనరసమ్మ దాన్ని చేటలో పడుకోబెట్టి పక్కింటి రాజ్యానికి ఇచ్చింది. రాజ్యం చారెడు తవుడు పోసి కొనుక్కుంది. నా పిల్లని మీ ఇంట్లో పెట్టి వెళ్తున్నా, జాగ్రత్తగా పెంచండి అని చెప్పి వెళ్ళింది. పై వాడు ఈ ఇంటి పిల్ల కోసం చూసుకుంటాడు, దొరకదు, వెళ్ళిపోతాడు. ఇది మా పక్క పాతకాలం పద్ధతి. పిల్ల మా గడప దాటిందే లేదు.

ఇంత చిన్న మాట. చెప్పలేదు. కాంటూరు గురించి చెప్పాను.

జూలై 11

ఆలోచన తట్టింది. భలే ఆలోచన. ఎవరికీ చెప్పను, ఇక్కడ కూడా రాయను.

జూలై 12, శనివారం

పొద్దున్నే తవుడుని పడవెక్కించాను. అదే ఆలోచన. లంకలో మా చెల్లెలు వెంకటసుబ్బలక్ష్మి ఇల్లుంది, రోడ్డు మీద నుంచి జీపులు వచ్చే చోటు కాదు. సింధూర స్నానానికి వెళ్ళినప్పుడు బయల్దేరాం. జీపు వచ్చేసరికి పిల్ల ఉండదు. పిల్ల లేకపోతే ఏం తీసుకెళ్తారు?

చాలా రోజులైంది ఇంత సంతోషంగా ఉండి. కొల్లేరు నిండుగా ఉంది. గూడకొంగలు నీళ్ళ మీద బారులు తీరి ఉన్నాయి. తవుడు పడవ ముందు కూర్చుని వాటిని పిలుస్తోంది. నేను గడ వేస్తుంటే, తాతగారండీ, మనం దొంగలమా అంది. కాదు, మనం రాజులం అన్నాను. రాజులెందుకు దాక్కుంటారండీ అంది. గడకి తుంగ అడ్డం పడింది, దాన్ని విడదీసే పనిలో పడ్డాను.

దారిలో నేర్పాను. ఎవరైనా అడిగితే తవుడు సంగతి చెప్పొద్దు, కొన్నమ్మ మాట అసలు ఎత్తొద్దు అని. తల ఊపింది. మరి కొన్నమ్మకి నేనిక్కడున్నానని చెప్పారా, సాయంత్రం చూస్తుంది కదండీ అంది. ఎవరు చూసేది అన్నాను. రాజ్యం మామ్మండీ, రోజూ బడి బస్సు దిగి ముందు అక్కడికే వెళ్తాను, జంతికలు పెడుతుంది అంది.

రోజూనట. ఆవిడ చెరువులో పాడు నీళ్ళు నా నర్సరీలోకి వదిలి నా చేపపిల్లనంతా చంపేసిన దగ్గర్నించి ఆ ఇంటి వైపు మొహం తిప్పలేదు నేను. ఇది రోజూ జంతికలు తింటోంది.

మా చెల్లెలు పిల్లని ఎత్తుకుని, నువ్వు ముసలాడివయ్యావు గాని మనిషివి కాలేదు అన్నయ్యా అంది. ఆడవాళ్ళకి ఎత్తులు అర్థం కావు.

జూలై 13, ఆదివారం

నిన్న ఇంటికొచ్చేసరికి జీపు వచ్చి వెళ్ళింది. పిల్లెక్కడుందో తల్లికి తెలియదంటే వాళ్ళేమనుకుంటారో నేను అనుకోలేదు. సింధూర ఏడవలేదు. జంగారెడ్డిగూడెం పిల్ల, మెట్ట నేల మనిషి, తొందరగా కదలదు. నా ముందు కూర్చుని ఒక్క మాటే అంది.

"మావయ్య గారండీ, అమ్ముకునేవాళ్ళే దాస్తారు."

చెంప మీద కొట్టినా ఇంత తగలదు.

సోమవారం పిల్ల కనపడకపోతే సంగతి పోలీసులకి వెళ్తుందట. శ్రీహర్ష తాడేపల్లిగూడెం నుంచి తవుడు లారీ మీదే వచ్చాడు, నాతో మాట్లాడలేదు. మిల్లు గుమస్తాకి తెలిసిన లాయరమ్మకి ఫోను చేశాడట. ఆమె చెప్పినవన్నీ భార్యాభర్తలు నా ఎదురుగానే మాట్లాడుకున్నారు, నాతో కాకుండా. పిల్లని దాయకూడదు. ఏం మాట్లాడాలో పిల్లకి నేర్పకూడదు. విడిగా మాట్లాడతామంటే మాట్లాడనివ్వాలి. అరవకూడదు. ఫిర్యాదు ఏమిటో అడగొచ్చు, మనకి తోడుగా లాయర్ని పెట్టుకోవచ్చు. అడిగినదానికే జవాబు చెప్పాలి, ఉన్నది చెప్పాలి. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం, పుట్టిన సర్టిఫికెట్టు, టీకాల కార్డు తీసుకెళ్ళాలి. వచ్చినవాళ్ళు శత్రువులు కారు, వాళ్ళకి కావాల్సింది పిల్ల క్షేమంగా ఉందా అన్నది ఒక్కటే.

నేను ఒక్కోటీ వింటూ లెక్క చూసుకున్నాను. చెయ్యకూడనివన్నీ చేశాను. ఒకటి కూడా వదల్లేదు.

మధ్యాహ్నమే పడవేసుకుని వెళ్ళి తవుడుని తెచ్చేశాను. గాలి ఎదురు. గడ పట్టుకుని చేతులు బొబ్బలెక్కాయి. వస్తూ దానికి ఏమీ చెప్పలేదు, నేర్పినది వద్దని చెప్పడం కూడా నేర్పడమే అవుతుందేమోనని భయం.

కాగితాలున్నాయి సరే, తవుడుకి కొన్నది నిజమా కాదా అంటే చెప్పేదెవరు? మా ఆవిడ లేదు. తవుడు పోసిన మనిషే చెప్పాలి. శ్రీహర్ష నేను వెళ్ళి పిలుస్తానన్నాడు. వద్దన్నాను. గొడవ పెట్టుకున్నది నువ్వు కాదన్నాను.

రాజ్యం చెరువు గట్టు మీద మేత సంచులకి తవుడు నింపుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఇన్నేళ్ళకి నా గట్టు మీద అడుగు పడిందేంటి అన్నయ్య గారండీ. నీళ్ళు పాడైపోవూ?"

అక్కడ తిరిగి వచ్చేయాల్సిన మాట అది. మామూలుగా అయితే వచ్చేసేవాణ్ణి.

"నీ పిల్లని పట్టుకుపోతామంటున్నారు రాజ్యం."

ఆవిడ చేతిలో చేట గట్టు మీద పడింది. తవుడంతా గాలికి లేచి ఇద్దరి మొహాల మీదా పడింది. తుడుచుకోకుండానే అడిగింది, ఎన్నింటికి బయల్దేరాలి అని.

జూలై 14, సోమవారం

ఏలూరు. అయిపోయింది. మొత్తం రాస్తాను, వరసగా రాస్తాను.

కోర్టులా ఉంటుందనుకున్నాను. గది. బల్ల వెనకాల ముగ్గురు, మధ్యలో పెద్దావిడ, నెరిసిన జుట్టు, మేష్టరమ్మలా ఉంది. సింధూర కాగితాలిచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పింది. శ్రీహర్ష కూడా అంతే. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎంత కష్టమో. ఒక్కో ప్రశ్నకి నా దగ్గర మూడు జవాబులున్నాయి, పళ్ళ వెనకాల పెట్టుకుని కూర్చున్నాను.

తవుడుని పక్క గదిలోకి తీసుకెళ్ళారు, పద్మప్రియతో. తలుపు దగ్గరికేశారు. లోపల అది నవ్వడం వినపడింది. తర్వాత వినపడలేదు. తలుపు తీసి పద్మప్రియ పెద్దావిడ చెవిలో ఏదో చెప్పింది. పెద్దావిడ మా వైపు చూసింది.

"కొన్నమ్మ గురించి అడిగితే తాతగారు చెప్పొద్దన్నారు అంటోంది పాప. ఎవరు తాతగారు?"

శ్రీహర్ష నా వైపు తిరిగాడు. వాడికి తెలియదు ఈ సంగతి. సింధూరకీ తెలియదు. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

లేచాను. నేనేనండీ, పడవలో చెప్పాను, భయపడి చెప్పాను అన్నాను. భయపడి అనే మాట నా నోట్లోంచి నేను వినడం అదే మొదలు. ఇంకేదో చెప్పబోయి కూర్చున్నాను.

అప్పుడు రాజ్యాన్ని పిలిచారు. పట్టుచీర కట్టుకొచ్చింది, జుట్టులో ఇంకా తవుడుంది. మీరు ఈ పాపని కొన్నారా అని అడిగారు.

"కొన్నానండి. చారెడు తవుడు పోశాను, వెంకటనరసమ్మ వదిన కొంగు పట్టింది."

"మరి మీతో తీసుకెళ్ళలేదా?"

"నా పిల్లని వాళ్ళింట్లో పెంచమని చెప్పానండి. అంతకుముందు ఇద్దర్ని తీసుకుపోయాడు. ఈ ఇంట్లో పిల్ల లేదు, ఉన్నది నా పిల్ల అని చెప్పాలి కదండీ."

"ఎవరికి చెప్పాలి?"

"దేవుడికేనండి."

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. కాగితాలు మళ్ళీ చూసింది. అమ్మడం కొనడం అనే మాట ఇక్కడ చాలా పెద్ద మాట రాజ్యం గారూ, నిజంగా అమ్ముకున్న పిల్లల్ని మేం చూస్తాం, అందుకే ఇంత దూరం అడగాల్సి వచ్చింది అంది. తర్వాత నన్ను చూసింది. మొదటిరోజు మా వాళ్ళు ఈ పిల్ల ఎవరిదని అడిగితే మీరు రాజ్యం పిల్ల అన్నారు, ఇప్పుడు చెప్పండి, ఎవరి పిల్ల?

తేలిక ప్రశ్న. రెండు మాటలు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నోరు తెరిచాను. రాలేదు. మా వెంకటనరసమ్మ చేట పట్టుకుని నిలబడ్డట్టే ఉంది ఎదురుగా. పోయిన ఇద్దర్నీ మా పిల్ల మా పిల్ల అని ఊరంతా వినపడేలా అన్నది నేను. మూడోదాన్ని అనకుండా కాపాడుకొచ్చాను. ఇప్పుడు ప్రభుత్వం వారి ముందు, ఫాను కింద, పైకి అనమంటున్నారు. అనకపోతే పిల్ల హోముకి. అంటే, ఏమో.

పక్క గది గుమ్మంలో నిలబడ్డ తవుడుతో సహా గదంతా నా నోటి వైపే చూస్తోంది. పక్క నుంచి రాజ్యం మోచేత్తో పొడిచింది.

"నెమ్మదిగా చెప్పండి అన్నయ్య గారండీ. పైకి వినపడకుండా."

అది విని పెద్దావిడే కుర్చీలోంచి కాస్త ముందుకి వంగింది. చెవి ఇటు పెట్టింది. నేను బల్ల దాకా వెళ్ళాను. నా గొంతు ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టు మీద వాడు పలుకుతాడు. ఆ గొంతుని నలిపి, చీమకి కూడా వినపడకుండా చెప్పాను.

"మా పిల్లేనండీ."

ఆవిడ తలూపింది. ఆవిడ కూడా నెమ్మదిగానే, "సరేనండీ" అంది.

తవుడు ఇంటికొచ్చేసింది. అమ్మానాన్నలతోనే ఉంటుంది. పద్మప్రియ మధ్యలో ఒకసారి వచ్చి చూసి రిపోర్టు ఇస్తుంది, తర్వాత ఫైలు మూసేస్తారు. మెట్లు దిగుతుంటే శ్రీహర్ష నా సంచీ అందుకున్నాడు. అందుకున్నాడు, చాలు.

బస్సులో తవుడు రాజ్యం ఒళ్ళో పడుకుంది. జంతికల పొట్లం నా చేతికిచ్చింది రాజ్యం. మీ నర్సరీలోకి నీళ్ళొదిలింది నేను కాదండీ, తూము తలుపు విరిగింది, చెప్దామంటే మీరు వింటేనా అంది. విన్నాను. నమ్మానని చెప్పలేదు. జంతికలు బాగున్నాయి.

జూలై 15

కొన్నమ్మ అన్న మాట నేనే నేర్పాను. పాకడం రాకముందు నుంచి, ఎత్తుకుని ఆడిస్తూ. పైన తప్పు రాశాను.

జూలై 23, బుధవారం

పద్మప్రియ వచ్చింది. గుమ్మం దగ్గర కార్డు చూపించబోతే వద్దమ్మా అన్నాను, సింధూర కసిరితే మళ్ళీ చూపించమన్నాను. తవుడు ఆమెకి చెరువు చూపించింది, చేపలకి మేత సంచులు ఎలా కడతామో చెప్పింది. రాజ్యం కాఫీ తెచ్చింది, మా ఇంటికి. ఫైలు మూసేస్తారట. వెళ్తూ, ఫోన్లో మీరు సైజుని బట్టి అన్నప్పుడు నాకు అన్నం సయించలేదండీ తాతగారూ అంది. అప్పుడు నవ్వింది.

ఆమె వెళ్ళాక గట్టు మీద ఉండగా ఫోను మోగింది. కైకలూరు పార్టీ. మీ దగ్గర పిల్ల ఉందా అండీ అన్నాడు.

"చేపపిల్లయితే కావలసినంత ఉంది" అన్నాను. "ఇంకో పిల్ల ఉంది గాని, అది మాది కాదు. పక్కింటి రాజ్యానిది."

గట్టిగానే అన్నాను, ఆ గట్టు దాకా. పక్కన కూర్చుని నీళ్ళల్లో కాళ్ళాడిస్తున్న తవుడు ఆకాశం వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది.

"ఆ రోజు మీరు నెమ్మదిగా అన్నది దేవుడు వినలేదులెండి, తాతగారండీ."